నడక చీటీలు: తిరుగు బస్సు లెక్కతో ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2025, ఆదివారం

మా నాయనకు షుగరు. రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు డాక్టరు. కాలేజీ గ్రౌండులో నాలుగు రోజులు తిరిగి ఐదో రోజు మానేశాడు. అడిగితే, "గుండ్రంగా తిరగనీకి నేనేమన్నా గానుగెద్దునా పాపా?" అన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. దారిలో నాలుగు ఊళ్లు రావాలి, పదిమంది ఎక్కాలి, దిగాలి. అప్పుడే ఆయనకు ఎక్కడికో పోయినట్టుంటుంది.

అందుకే ఈ పని పెట్టుకున్నా. అనంతపురం నుంచి పల్లెవెలుగు బస్సులో పోయి, దిగి, గంటా గంటన్నర నడిచి, మళ్లీ బస్సెక్కి ఇంటికి రావాలి. అలాంటి దారులు నాలుగైదు వెతికి, ఒక్కోదానికి ఒక చీటీ అచ్చు వేయాలి. నాది డీటీపీ, జిరాక్స్ షాపు కాబట్టి అచ్చు ఖర్చు గురించి భయం లేదు. షాపుకి సెలవు ఆదివారమే, కాబట్టి నడకలన్నీ ఆదివారాలే.

ఎక్కడ నడవాలన్నది కూడా తేల్చుకున్నా. గుళ్లు, కోటలు అందరికీ తెలుసు. మన పాత అనంతపురం, కర్నూలు జిల్లాల్లో గనుల నేలలున్నాయి. రామగిరి బంగారం, వజ్రకరూరు వజ్రాలు, జొన్నగిరిలో రెండూ. ఒకప్పుడు జనం తవ్వి వదిలేసిన చోట్లు ఇప్పుడెలా ఉన్నాయో చూడాలని నాకు. నాయనకు మాత్రం అవన్నీ తన పాత రూట్లు.

ఆయన మూడు షరతులు పెట్టాడు. నడక నాలుగు కిలోమీటర్లు దాటకూడదు. మెట్లు తప్ప ఎక్కుడు ఉండకూడదు. తిరిగి రావడానికి రెండు బస్సులుండాలి, ఒకటి తప్పితే ఇంకోటి. మూడోది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. ఊఁ అన్నాను గానీ రాసుకోలేదు.

జూన్ 15

ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్‌ని నమ్మొచ్చో లేదో చూడాలనుకున్నాం. మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చి, గ్రౌండులో ముగ్గుతో గీతలు గీశాం. నాయన వంద అడుగులు 61 మీటర్లొచ్చాయి. నావి 66. యాప్ ఆయన వందని 87గా చూపించింది. కాళ్లు ఈడ్చి నడుస్తాడు కదా, దానికి కొన్ని అడుగులు అడుగుల్లాగే కనిపించలేదేమో. ఇక యాప్ వద్దనుకున్నాం. నాయన గులకరాళ్లతో లెక్కపెడతాడు. వంద అడుగులకి ఒక రాయి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి పోతుంది. నవ్వొచ్చింది గానీ, మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకటే లెక్క వచ్చింది.

జూన్ 29

వజ్రకరూరు. అనంతపురం నుంచి ఉరవకొండ, అక్కడ ఉగ్గాణి బజ్జీ, అక్కడి నుంచి వజ్రకరూరు బస్సు. ఉగ్గాణి దగ్గరే అరగంట పోయింది. పచ్చిమిరపకాయ బజ్జీ వేడివేడిగా దిగుతుంటే బస్సు పోతుందని లేచేవాళ్లెవరు?

వానలు పడ్డాయి కాబట్టి చేలల్లో జనం ఉన్నారు. వజ్రాల కోసమే. దూరంగా చూస్తే ఎవరో ఏదో పారేసుకుని అందరూ కలిసి వెతుకుతున్నట్టుంది. తలలు వంచుకుని, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ, తళుక్కుమన్న ప్రతి రాయినీ తీసి ఎండకు పట్టి చూస్తున్నారు. వానాకాలం మొదట్లోనే ఎందుకంటే, దున్నిన నేల మీద గట్టివాన పడితే పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగినట్టు బయటపడతాయి. పైరు పైకి లేస్తే ఇక నేల కనిపించదు.

ఈ నేలలో వజ్రం ఎందుకుందో నాయనకు చెప్పాలని ముందే చదువుకుని పోయాను. భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతున, ఆ బరువుకీ వేడికీ వజ్రం తయారవుతుంది. అక్కడి నుంచి కరిగిన రాయి ఒకటి గొట్టం లాంటి దారి చేసుకుని పైకి తన్నుకొచ్చి, దారిలో వజ్రాల్ని కూడా మోసుకొచ్చింది. వజ్రకరూరు దగ్గర ఇది జరిగి దాదాపు 110 కోట్ల ఏళ్లయింది. ఆ రాయిని కింబర్లైట్ అంటారు, దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరు మీద. గట్టిరాయి కాదు, ఎండకూ వానకూ తొందరగా మట్టయిపోతుంది. రాయి మట్టయినా వజ్రం మట్టి కాదు, నేల మీద మిగిలిపోతుంది. వంకలు పారినప్పుడు ఎక్కడెక్కడికో కొట్టుకుపోతుంది.

అంతా విని, "అంటే కింద నుంచి ఎక్కిన టికెట్టు ఇంకా దిగలేదన్నమాట" అన్నాడు నాయన.

బండ్ల బాట వెంబడే నడిచాం. చేలోకి దిగలేదు. ఒక రైతు గట్టు మీద కూర్చుని కాపలా కాస్తున్నాడు. విత్తనం పడ్డాక కూడా జనం తొక్కుతున్నారని ఆయన బాధ. "మీరు కూడా రాళ్లకేనా?" అని అడిగాడు. నడవడానికి వచ్చామంటే నమ్మలేదు. "అనంతపురంలో రోడ్లు లేవా అన్నా?" అని నాయన్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చీటీలో మొదటి మాట అక్కడే ఖాయమైంది: బండ్ల బాట దాటి చేలోకి దిగొద్దు.

నల్లరేగడి తడిసి ఉంది. పది అడుగులకే చెప్పు కింద అరచెయ్యి మందాన మట్టి పట్టింది. కాలెత్తితే చెప్పు రాదు, చెప్పొస్తే మట్టి వదలదు. మూడు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది.

ఇంకోటి రాయాలి. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటుంటే నాయన ఎడమ చెప్పులో రక్తం ఎండిపోయి కనిపించింది. పల్లేరు ముల్లు. రబ్బరు చెప్పు దాటి, బొటనవేలి కింద కండలో దిగి విరిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియలేదు. ముల్లు గుచ్చుకున్నా తెలియలేదంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుందని, రోజూ అరికాళ్లు చూసుకోవాలని డాక్టరు ముందే చెప్పాడు. విన్నాం, తలూపాం, వచ్చేశాం. రాత్రి పిన్నీసుతో కెలకబోయాడు నాయన. కెలకనివ్వలేదు. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకుపోయి తీయించాను.

జూలై 5

సాక్సు, మందం అడుగున్న బూట్లు కొన్నాం. "పెండ్లికి కూడా బూట్లు ఏసుకోలేదు" అని గొణిగాడు గానీ వేసుకుంటున్నాడు. ఇంట్లో వేసుకుని తిరిగి మెత్తబరుస్తున్నాం. చీటీలో రెండో మాట: బూట్లు, సాక్సు. చెప్పులతో వద్దు. ఇంటికి రాగానే అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి.

జూలై 20

నాయన పాదం మానుతోంది, ఇంట్లో ఉంచాను. నేనూ మా అన్న కొడుకూ రామగిరి పోయాం. దారి చూసి వద్దామని. వాడు ఇంటర్, ఫోను వాడి చేతిలో ఉంటుంది.

2022లో జిల్లాలు విడిపోయాక రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఇక్కడి బంగారం కథ పాతది. ఎవరు ఎప్పుడు తవ్వారో పేర్లు తెలియని కాలం నుంచీ పాత గుంతలున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు కంపెనీలు దిగాయి. కోలారు గనులు నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్లే ఇక్కడా చెయ్యి పెట్టారు. కొన్నేళ్లు నడిపి వదిలేశారు. చాలాకాలం తర్వాత ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మళ్లీ తెరిచింది. 2001లో కోలారుతో పాటే ఇదీ మూతపడింది.

గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. నేల మీద అడుగడుగునా తెల్ల పలుగురాయి ముక్కలు. పలుగురాయి చారల్లోనే బంగారం ఉండేది. కంటికి కనిపించే బంగారం కాదు. టన్ను రాయిని పిండి చేస్తే వచ్చేది కొన్ని గ్రాములు. ఆ పిండిలోంచి బంగారాన్ని సైనైడ్ నీళ్లతో కరిగించి లాగేవాళ్లు. మిగిలిన పిండి దిబ్బగా పోసేవాళ్లు. గాలొస్తే ఆ మెత్తటి పొడి లేస్తుంది. పలుగురాయి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, గనుల్లో పనిచేసినవాళ్లకు వచ్చే దమ్ము జబ్బు దానివల్లే. కాబట్టి దిబ్బల వైపు పోకుండా, ఆ పొడి గాలికి మన మీదికి రాని వైపు నుంచే దారి చూడాలనుకున్నాం. పాత గుంతల దగ్గరికైతే అసలే పోకూడదు. అంచు ఎక్కడ గుల్లయి ఉందో పైకి తెలియదు, లోపల గాలి కూడా ఆడదు.

ఇంత జాగ్రత్తగా ఆలోచించినదాన్ని, ఫోను చూపిన దారి దగ్గర పప్పులో కాలేశాను. మ్యాపులో సన్నగీత ఒకటి ఊరి వెనక నుంచి చుట్టు తిరిగి రోడ్డుకు కలుస్తుంది. పోయి చూస్తే అక్కడ సర్కారు కంప గోడలా పెరిగి ఉంది. గీత గీసినవాడు ఎప్పుడు గీశాడో! చుట్టు తిరిగి, చున్నీ చించుకుని, వంక దిగి ఎక్కి, ఊళ్లోకి వచ్చేసరికి సాయంత్రం ఆరు.

"టెన్షన్ వద్దత్తా, ఆరున్నరకి లాస్ట్ బస్సుంది" అన్నాడు మావాడు. పొద్దున టీ కొట్టు ఆయన్ని అడిగితే అలాగే చెప్పాడు. ఆరున్నరకి బస్సు వచ్చింది కూడా. జనం దిగారు. మేం ఎక్కి కూర్చున్నాం. డ్రైవరు ఇంజను ఆపి, టవలు భుజాన వేసుకుని, బకెట్ పట్టుకుని కిందికి దిగాడు.

"ఇది పొద్దున్నే పోతాదమ్మా" అన్నాడు కండక్టరు.

నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఊళ్లోనే పడుకుని తెల్లారి మొదటి ట్రిప్పుకి బయల్దేరుతుంది. పాల డబ్బాల ఆటో ఒకటి దొరికి, డబ్బాల మధ్య ఇరుక్కుని ఎన్.ఎస్.గేటు చేరాం. అక్కడ హైవే కాబట్టి బస్సులకు కొదవ లేదు. ఇల్లు చేరేసరికి పది. చున్నీకి పాల వాసన.

జూలై 21

రాత్రి నాయన ఏమీ అనలేదు. పొద్దున కాఫీ తాగుతూ మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు ఆగలేదు. గుర్తున్నంత వరకు రాస్తున్నా, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా పనికొచ్చిన పాఠం ఇదొక్కటే.

ఊళ్లోకి వచ్చే ఆఖరి బస్సు వేరు, ఊళ్లోంచి పోయే ఆఖరి బస్సు వేరు. పల్లెటూళ్లో "లాస్ట్ బస్సు ఎప్పుడు?" అనడిగితే వాళ్లు వచ్చే బస్సు టైమే చెప్తారు. వాళ్లకు కావాల్సింది అదే కదా. టౌన్లో పని చూసుకుని ఇల్లు చేరేది దాంట్లోనే. కాబట్టి ప్రశ్న మార్చాలి. "ఇక్కడి నుంచి అనంతపురం దిక్కు పోయే ఆఖరి బస్సు ఏది? దానికి ముందుది ఏది?" అని రెండూ అడగాలి. ఆ ముందుదాన్నే మన బస్సు అనుకోవాలి. ఆఖరిది దేవుడిచ్చింది అనుకోవాలి.

ఇంకా ఉంది. ఆదివారం కొన్ని ట్రిప్పులు ఉండవు. బడి పిల్లల కోసం వేసిన ట్రిప్పు సెలవుల్లో రాదు. డిపోలో పెళ్లి స్పెషళ్లు ఎక్కువైతే మొదట తగ్గేది పల్లె ట్రిప్పే. చెరువు కట్ట మీద రోడ్డు కోసుకుపోతే బస్సు అవతలి ఊళ్లోనే ఆగిపోతుంది.

"నడక యాడ మొదలుపెట్టాల అని సూస్తాండావు నువ్వు. యాడ ఎక్కాల అని సూడు. ఎక్కే టైము పెట్టుకోని ఎనక్కి లెక్కేసుకో" అన్నాడు.

అంటే, తిరుగు బస్సు నాలుగింటికైతే, అరగంట ముందే స్టాపులో ఉండాలి. మూడున్నర. నడకకు గంటన్నర, కూర్చోడానికి అరగంట. అంటే ఒకటిన్నరకి మొదలు. వేసవిలో ఒకటిన్నరకి ఎవరు నడుస్తారు? కాబట్టి ఆ బస్సు మనకు పనికిరాదు, పదకొండుకి పోయేది చూసుకోవాలి. అలా చూసుకుంటే దారి పొడవు, బయల్దేరే వేళ, నీళ్ల సీసాలు అన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదంటే, "షరతు పెడితే ఊఁ అన్నావు గానీ రాసుకున్యావా?" అన్నాడు. నోరు మూసుకున్నా.

ఆగస్టు 17

మొన్న ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు, స్త్రీ శక్తి. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టిచ్చాడు. నాయనకు పెద్దల రాయితీ పోను ముప్పావు ఛార్జీ. "ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టినోన్ని నేను, ఫ్రీగా పోయేది నువ్వు" అని దారంతా అదే పాట. బస్సులో కాలు పెట్టే సందు లేదు. నాయనకి సీటిచ్చిన పిల్లవాడికి దండం.

మళ్లీ రామగిరి, ఈసారి నాయనతో. మ్యాపు ముట్టలేదు. దిగ్గానే ఆయన స్టాపులో ఉన్న ఇద్దరు ముసలాళ్ల పక్కన కూర్చున్నాడు. అప్పటికి పదేళ్లుగా తెలిసినవాళ్లలా మాట్లాడుకున్నారు. ఒకాయన గనిలో చేసినాయనే. గని నడిచే రోజుల్లో షిఫ్టు దిగే వేళకు తన బస్సు అందకపోతే వీళ్లు తిట్టిన తిట్లు గుర్తుచేసుకుని నాయన నవ్వాడు. పది నిమిషాల్లో దారి తేలింది. "చెరువు కట్ట దిక్కు పోండి, చింతచెట్టు కాడ బండ్ల బాట పడతాది, అది తిప్పుకొచ్చి రోడ్డులోనే కలుపుతాది. కంపలో మాత్రం పోవద్దండి." ఆ ఆఖరి మాటకి నాయన నా వైపు చూశాడు.

నడక బాగుంది. 3 కిలోమీటర్ల 200 మీటర్లు, గులకరాళ్ల లెక్కలో. కట్ట మీద గాలి. పాలపిట్టలు రెండు. దూరంగా గాలిమర రెక్క తిరిగినప్పుడల్లా దాని నీడ ఎర్రచేల మీదుగా పోతోంది. నాయన నాలుగుసార్లే ఆగాడు. ఆగిన ప్రతిసారీ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాశాడు. ఇంటికొచ్చాక చూస్తే, గళ్లు గీసి ఎస్సార్ రాసినట్టు రాసిపెట్టాడు. కండక్టర్లు స్టేజీ స్టేజీకీ టికెట్ల లెక్క రాసే షీటుని ఎస్సార్ అంటారు. స్టేజీ 1, బస్టాపు, టైము. స్టేజీ 2, చింతచెట్టు, నీడ ఉంది, రాళ్లు 7. స్టేజీ 3, గడ్డివామి, ఎడమకు. స్టేజీ 4, బోరు మోటారు, నీళ్లు ఉన్నాయి. "దిగినవాళ్లు: నిల్. ఎక్కినవాళ్లు: కుక్క ఒకటి." ఆ కుక్క నిజంగానే మోటారు దగ్గర్నుంచి రోడ్డు దాకా వచ్చింది.

చీటీ ఎలా ఉండాలో నేను మూడు వారాలుగా తల బద్దలుకొట్టుకుంటున్నా. అదిగో, అక్కడ గళ్లలో ఉంది.

సెప్టెంబరు 14

ఎర్రగుడి. గుత్తికి పోయి, అక్కడ పత్తికొండ పోయే బస్సు పట్టుకోవాలి. గుత్తి అనగానే అందరికీ కోట గుర్తొస్తుంది. నాకు మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ మన్రో గుర్తొస్తాడు. 1827లో ఈ రూటు ఆ చివర, పత్తికొండలో కలరాతో చనిపోతే, గుత్తికే తెచ్చి పూడ్చారు. తర్వాత మద్రాసుకు మార్చారు.

ఎర్రగుడి గనుల ఊరు కాదు కదా, ఇదెందుకంటే, ఇక్కడి అశోకుడి శాసనాలు లోకానికి తెలిసింది ఒక భూగర్భ శాస్త్రవేత్త వల్ల. 1929 ప్రాంతంలో అనూ ఘోష్ అనే ఆయన చూశాడు. రాళ్ల కోసం తిరిగేవాడి కళ్లకు రాళ్ల మీద రాత దొరికింది. పక్కనే ఉన్న జొన్నగిరిని అశోకుడి కాలపు సువర్ణగిరి అనుకుంటారు. పేరులోనే బంగారం. ఇక మా చీటీల్లోంచి ఎలా తప్పుతుంది?

చిన్న గుట్ట. పురావస్తు శాఖ వాళ్లు మెట్లు కట్టారు, రాళ్ల మీద నీడకు కప్పులు వేశారు. నాయన మెట్లు ఎక్కగలిగాడు, మధ్యలో రెండుసార్లు కూర్చుని. రాళ్ల మీద బ్రాహ్మీ అక్షరాలు సన్నగా, అరిగిపోయి, పక్క నుంచి వెలుతురు పడితేనే కనిపిస్తాయి. నడినెత్తిన ఎండలో పోతే ఏమీ కనిపించదు. పొద్దున లేదా సాయంత్రం పోవాలి. సాయంత్రం అంటే మళ్లీ తిరుగు బస్సు గొడవ, కాబట్టి పొద్దున.

14 పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఉన్నాయిక్కడ. చిన్న శాసనంలో ఒక తమాషా ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు చెక్కారు. నాయనకు చెప్తే వెంటనే పట్టుకున్నాడు: "మడకతో సాలు తోలినట్ల. ఈ గట్టు కాడ తిప్పుకోని ఎనక్కి." అంతకంటే బాగా నేను చెప్పలేను. చీటీలో ఆయన మాటే వేస్తున్నా.

రెండో పెద్ద శాసనంలో, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాననీ రాజు చెప్పుకున్నాడు. గుట్ట మీద నుంచి రోడ్డు కనిపిస్తుంది. నాయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "మంచిమాటే గానీ, చెట్లు యాడప్పా మరి?" అన్నాడు.

నీడ లేదు, నిజమే. గొడుగు తప్పనిసరి అని రాసుకున్నా.

ఇంకో విషయం. మగవాళ్లు రాసిన దారుల్లో ఇది ఉండదు కాబట్టి నేను రాస్తున్నా: బాత్రూము. ఎర్రగుడి నడకలో మూడు గంటలు దాటుతుంది. గుత్తి బస్టాండులో పోయి రావాలి, తర్వాత మళ్లీ గుత్తిలోనే. వజ్రకరూరుకు ఉరవకొండ, రామగిరికి ఎన్.ఎస్.గేటు. పోయే అవసరం రాకూడదని నీళ్లు తాగకుండా నడిచే ఆడవాళ్లు నాకు తెలుసు, నేనూ అలాంటిదాన్నే. ఎండలో అది మంచిది కాదు. అందుకని ప్రతి చీటీలో "స్టేజీ 0" అని పెట్టి, బాత్రూము ఎక్కడో రాశాను. నాయన కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ గడి మాత్రం గీసిచ్చాడు.

అక్టోబరు 12

అచ్చు పని. పేజ్‌మేకర్లో అను ఫాంటుతో కంపోజు చేశాను, మ్యాపు కోరల్‌డ్రాలో. ఎ4 కాగితం మూడు మడతలు. మ్యాపులో ఉత్తరం పైన కాదు, బస్టాపు కింద. దిగినవాడు ముందుకు చూస్తే ఏం కనిపిస్తుందో అదే పైన. ఉత్తరం ఎటో ఎవరికి కావాలి?

మొదటి పదీ లామినేషన్ చేశాను, వానకు తడవకూడదని. మూడు తప్పులు బయటపడ్డాయి. మడత దగ్గర పగిలింది. ఎండలో మెరిసి అక్షరం కనిపించలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, నాయన పెన్సిల్ తీసి బస్సు టైము రాయబోతే జర్రున జారింది. టైములు అచ్చులో వద్దు, పెన్సిల్‌తోనే రాయాలని ఆయన పట్టు. మారినప్పుడల్లా చెరిపి రాసుకోవచ్చు. అచ్చు వేసిన టైముని జనం నమ్మేస్తారు, పెన్సిల్‌తో రాసినదాన్ని ఒకసారి అడిగి చూసుకుంటారు అంటాడు. కాబట్టి లామినేషన్ మానేసి, మందంగా ఉండే 120 జీఎస్ఎం బాండ్ పేపరు మీద వేసి, ఐడీ కార్డులకు వాడే ప్లాస్టిక్ కవరులో పెట్టాం. చీటీ ఒకటింటికి ఖర్చు ఆరు రూపాయలు చిల్లర.

రాళ్ల మీద పెయింటుతో బాణం గుర్తులు వేద్దామని మావాడి ఐడియా. పసుపు డబ్బా కూడా కొన్నాడు. ఎర్రగుడిలో ఆ మాటే ఎత్తకూడదు, రక్షిత కట్టడం. మిగతా చోట్ల రైతు గట్టు రాయి మీద మనం రంగు పూస్తే, హద్దురాయి గుర్తనుకుని రేపు అన్నదమ్ములు కొట్టుకుంటారు. డబ్బా అలాగే ఉంది. షాపు షట్టరుకి వేస్తాం.

నవంబరు 16

పరీక్ష. మేం లేకుండా, చీటీ మాత్రమే చేతిలో పెట్టి వేరేవాళ్లని పంపాలి. మా వీధి టైలరక్కా, ఆమె ఆడబిడ్డా రామగిరి పోయారు. పన్నెండుకి ఫోను. "మ్మే, మీ గడ్డివామి కాడ ఎడమకి తిరిగినాం. ఎవరిదో ఇంటి ముందరికి వచ్చినాం. వాళ్లు మజ్జిగ ఇచ్చినారు, తాగినాం. ఇప్పుడు యాడికి పోవాల?"

నాకు అర్థం కాలేదు. నాయనకి క్షణంలో అర్థమైంది. ఆగస్టులో మేం చూసింది పోయినేడాది శెనక్కట్టె వామి. దాన్ని ఈపాటికి ఎనుములు తినేసి ఉంటాయి. ఇప్పుడు కొత్త పంట పీకి, కాయ కొట్టుకుని, కట్టెని ఇంకో రెండు చేల అవతల కొత్త వామి వేసినట్టున్నారు. వీళ్లు దాని దగ్గర తిరిగారు.

మూడు నెలల పని, నాలుగు ప్రూఫులు చూసుకున్న చీటీ. ఎనుము తినేసే వస్తువుని గుర్తుగా పెట్టుకున్నాను!

ఇక కూర్చుని చీటీలన్నిట్లో గుర్తుల్ని వడపోశాం. కదిలేవి, తినేవి, కోసేవి, రంగు మారేవి తీసేయాలి. "జొన్నచేను పక్కన" తీసేశాం. "నీలం గేటు" తీసేశాం. "టీ కొట్టు" దగ్గర వాదన జరిగింది. టీ కొట్టు పోదని నేను, మనిషి పోతే కొట్టు పోతుందని ఆయన. ఆయనే గెలిచాడు. మిగిలినవి చింతచెట్టు, చెరువు తూము, ఆంజనేయుడి రాయి, కల్వర్టు. బోరు మోటారు ఉంచాం, కానీ పక్కన ప్రశ్నార్థకం పెట్టాం. అనంతపురంలో బోరుని ఎంతవరకు నమ్మాలో అంతవరకే.

టైలరక్క వాళ్లు బస్సు మాత్రం తప్పిపోలేదు. తిరుగు బస్సు గడి చూసుకుని, దారి తప్పినా టైముకు రోడ్డెక్కారు. అది విని నాయన మీసం దువ్వుకున్నాడు.

డిసెంబరు 14

లెక్క చూసుకుంటే మూడు చీటీలు అయినట్టే. రామగిరి, సవరించినది. ఎర్రగుడి. వజ్రకరూరు, కానీ దాన్ని వానలు లేనప్పుడు ఇంకోసారి నడవాలి. బూట్లకు మట్టి పట్టకపోతే ఎంత సేపు పడుతుందో తెలియాలి కదా. అటు గుంతకల్లుకీ ఇటు ఉరవకొండకీ బస్సులున్నాయి కాబట్టి నాయన మూడో షరతుకి వజ్రకరూరే అన్నిటికంటే బాగా నిలబడింది.

నాయన షుగరు కొంచెం తగ్గింది. నడక వల్లనా, బస్సుల్లో తిరగడం వల్లనా అంటే డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. మధ్యవారాల్లో కాలేజీ గ్రౌండుకి ఇప్పటికీ పోడు. బస్టాండు దాకా నడిచిపోయి, ప్లాట్‌ఫారాల మీద తిరిగి, కొత్తగా ఏ ట్రిప్పు వేశారు, ఏది తీసేశారు కనుక్కుని, నోటుబుక్కులో రాసుకుని నడిచొస్తాడు. కొలిచాను, పోనూ రానూ 2 కిలోమీటర్ల 900 మీటర్లు.

జొన్నగిరి ఒకటి మిగిలింది. చీటీ కంపోజు అయింది, స్టేజీలు ఐదూ రాశాం, చెరువు దగ్గర నీడ కూడా ఉంది. తిరుగు బస్సు గడి మాత్రం ఖాళీ. ఒక ట్రిప్పు ఖాయంగా ఉంది, రెండోది ఒకరు ఉందన్నారు, ఒకరు తీసేశారన్నారు. వచ్చే ఆదివారం పోయి అక్కడే కూర్చుని కళ్లతో చూస్తేగానీ రాయనంటాడు నాయన. పెన్సిల్ చెక్కి జేబులో పెట్టుకున్నాడు. గుత్తిలో ఉగ్గాణి వేడిగా దొరకాలంటే ఫస్ట్ ట్రిప్పుకే పోవాలట.